చప్పుడు లేని నడక

"వచ్చేటప్పుడు కాస్త అలికిడి చెయ్యకూడదూ? గుండె ఆగినంత పనైంది," అన్నాడు మా ఆయన, నేను కాఫీ కప్పు బల్ల మీద పెట్టగానే. నవ్వొచ్చింది నాకు. కాపురానికొచ్చిన కొత్తలో నా అడుగులకి ఈ ఇల్లు మొత్తం నిద్ర లేచేది. "ఆడపిల్ల నడకా అది? నేల అదిరిపోతోంది," అనేవారు అత్తగారు. తెల్లారకముందే లేవాలి, వంటింట్లో పని మొదలుపెట్టాలి, ఎవరికీ మెలకువ మాత్రం రాకూడదు. మడమ ఆనించకుండా, వేళ్ళతో నేలని తడుముకుంటూ నడవడం నేర్చుకున్నాను. కొన్నాళ్ళకి మా ఆయన స్నేహితుల దగ్గర గొప్పలు పోవడం మొదలుపెట్టాడు, "మా ఆవిడ ఇంట్లో ఉన్నట్టే ఉండదు" అని.

నా ఉద్యోగం మాత్రం చప్పుళ్ళు చెయ్యడమే. సినిమాలో ఎవరు నడిచినా, తలుపు తీసినా, ఆ శబ్దాలు మేం స్టూడియోలో విడిగా చేసి కలుపుతాం. ఇప్పుడు చేస్తున్న సినిమాలో ప్రపంచం అంతమైపోయింది. మిగిలింది ఒక మగాడు, అతనింట్లో ఆడమనిషి రూపంలో ఉన్న రోబో. అతను నోరు తెరవకముందే అది మంచినీళ్ళు అందిస్తుంది. ఎదురు ప్రశ్న వెయ్యదు. ప్రేమించకుండా ఎలా ఉంటాడు పాపం!

ఆ రోబో అడుగులు ఎంతకీ కుదరలేదు. కాళ్ళకి ఇనుప రేకులు కట్టుకుని నడిచాను, రబ్బరు చెప్పులతో నడిచాను. "కాదండీ," అంటూనే ఉంది డైరెక్టరమ్మ. "ఇంట్లో ఏదో తిరుగుతోందని తెలియాలి. అది మనిషని మాత్రం అనిపించకూడదు." విసుగొచ్చి చెప్పులు విడిచేసి, పొద్దున్నే మా ఇంట్లో నడిచినట్టు నడిచాను.

"రోమాలు నిక్కబొడుచుకున్నాయండీ! ఎక్కడ నేర్చుకున్నారిది?" అంది డైరెక్టరమ్మ.

"కాపురంలో," అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు.

నవ్వులు ఆగాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఆ నడకలో బరువు లేదు. పాదం ఉంది, దాని పైన ఎవరూ లేరు. నిజంగా భయమేసింది. ఇన్నేళ్ళూ మా ఇంట్లో తిరుగుతున్నది ఇదా?

"మిగతా సినిమా అంతా వేరే ఊళ్ళో, పెద్ద స్టూడియోలో చేస్తాం. ఇవాళ రాత్రి బండికే ప్రయాణం. మీరు రావాల్సిందే," అంది డైరెక్టరమ్మ. ఈ మాట పోయిన వారమే అడిగింది. ఇంట్లో చెబితే మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా, "నువ్వెళ్తే మాకెవరు చేసిపెడతారు?" అన్నాడు. అక్కడితో అయిపోయింది. మళ్ళీ అడిగి చూస్తానని చెప్పి ఇంటికొచ్చాను.

తలుపు తీసే ఉంది. హాల్లో అత్తగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు, మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. కావాలనే మడమలు గట్టిగా ఆనించి నడిచాను. చప్పుడు రాలేదు. ఆగి, నేలని కాలితో తన్నాను. వాళ్ళకే కాదు, నాకూ ఏమీ వినబడలేదు. వాళ్ళ కుర్చీల వెనకే నిలబడిపోయాను.

"ఇంకా రాలేదేంట్రా? కాఫీ వేళ దాటిపోతోంది," అన్నారు అత్తగారు.

"వస్తుందిలే అమ్మా. ఎక్కడికి పోతుంది?"

వచ్చానని చెప్పబోయాను. మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. అడుగుదామనుకున్నది కూడా దాంతోపాటే మింగేశాను. గదిలోకి వెళ్ళి నాలుగు జతల బట్టలు సంచీలో కుక్కుకుని, మళ్ళీ వాళ్ళ వెనక నుంచే హాలు దాటి వీధిలోకొచ్చాను. ఎవరూ పిలవలేదు. నేను వెళ్ళిపోయానని వాళ్ళకి తెలియాలంటే, ముందు నేను వచ్చానని తెలియాలి కదా.