వాకౌట్‌కు మార్కులు

మా ఆఫీసంటే మారేడ్‌పల్లిలో హెన్రీ సార్ ఇంటి మేడ మీది గదులు. కింద సార్ భార్య ప్రిసిల్లా ఆంటీ పోపు పెడితే పైన మాకు తుమ్ములొస్తాయి. సార్ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు ఎమ్మెల్యేలకు మార్కులు వేస్తారు. నేను ఆయన దగ్గర పనిచేస్తాను.

శాసనసభలోకి వచ్చిన ప్రతి బిల్లునూ సార్ మూడు ప్రశ్నలు అడుగుతారు. ప్రభుత్వం ఈ పని చేయడానికి రాజ్యాంగం ఒప్పుకుంటుందా? అధికారి చేతికి ఇస్తున్న అధికారానికి ఎక్కడైనా హద్దు గీశారా? నష్టపోయే మనిషి మాట ఎవరైనా వింటారా? వీటిలో ఒక్కదానికి సరైన జవాబు లేకపోయినా, ఆ బిల్లును ఒప్పుకున్న ఎమ్మెల్యేకు మార్కులు తగ్గుతాయి. అడ్డుకున్నవారికి పెరుగుతాయి. పార్టీతో పని లేదు. ఏడాదికోసారి పత్రికలవాళ్లను పిలిచి ఆ మార్కులు చదువుతాం.

చిక్కంతా ఎవరు ఒప్పుకున్నారో తెలుసుకోవడంలోనే ఉంది. సభలో చాలా బిల్లులకు ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా రాయరు. అవుననేవాళ్లను అవునని, కాదనేవాళ్లను కాదని అనమంటారు. గొంతులు వినిపిస్తాయి, బిల్లు పాసవుతుంది. మూజువాణి ఓటు అంటే అదే. గొంతుల మీద పేర్లు ఉండవు. అందుకని సార్ మొదట్లోనే ఒక నియమం పెట్టి అందరికీ ప్రకటించారు. బిల్లు పాసయ్యేటప్పుడు సీట్లో మాట్లాడకుండా కూర్చున్నవాళ్లు ఒప్పుకున్నట్టు. లేచి కాదన్నవాళ్లు, ఓట్లు లెక్కపెట్టమని పట్టుబట్టినవాళ్లు అడ్డుకున్నట్టు. నిరసనగా బయటికి వెళ్లిపోయినవాళ్లు కూడా అడ్డుకున్నట్టే. సార్ చదువుకునే రోజుల్లో వాకౌట్ అంటే పెద్ద విషయమట. మర్నాడు హోటళ్లలో దాని గురించే మాట్లాడుకునేవారట.

నా పని టీవీలో సభను చూస్తూ ఉండటం. ఎవరు కూర్చున్నారు, ఎవరు లేచారు, ఎవరు వెళ్లారు. మా ఊరి స్కూల్లో సార్లు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే పని నాకే ఇచ్చేవాళ్లు, నేను మాట్లాడనని. ఇదీ అలాంటిదే అనిపిస్తుంది.

"మీ సార్ నాకూ మార్కులేస్తారమ్మా. కూరలో ఉప్పుకి వేరే, మాటకి వేరే. నేను వాకౌట్ చేస్తే మాత్రం ఆయనకి భోజనం ఉండదు, అది రాసుకోమను" అంటుంది ప్రిసిల్లా ఆంటీ.

నేను బన్సీలాల్‌పేట్‌లో లచ్చమ్మ పెద్దమ్మ ఇంట్లో అద్దెకుంటాను. వాన నీళ్లు పోయే నాలా పక్కనే ఇల్లు. ముందు గది నాది, వెనక గది ఆమెది. భర్త భద్రయ్య బతికుండగా ఆదివారాలు తానే ఇటుకలు మోసి కట్టుకున్నాడట. కూతురు భవాని యాప్రాల్‌లో అత్తగారింట్లో ఉంటుంది.

క్రితం శీతాకాలం సమావేశాల్లో నాలాల బిల్లు వచ్చింది. నాలాల పక్కన అడ్డంగా ఉన్న కట్టడాలు తీసేయడానికి. అది తప్పని నేను అనుకోలేదు. గట్టి వాన పడితే మా గుమ్మంలోకే నీళ్లు వస్తాయి. కానీ అందులో ఒక సెక్షన్ ఉంది. అధికారి అవసరమనుకుంటే నోటీసు ఇవ్వక్కర్లేదు, ఇంటివాళ్ల మాట వినక్కర్లేదు, కూల్చేయవచ్చు. ఫిర్యాదు ఏదైనా తర్వాత చేసుకోవాలి.

ఆ మాట నేనే పెద్దమ్మకు చెప్పాను. ఆమె చాట పక్కన పెట్టింది.

"నాలా సాఫ్ చేస్తే మంచిదే బిడ్డా. మా ఇల్లు అడ్డముంటే అడ్డమున్నదని ముందుగాల చెప్పాలె. మా తాన కాయితాలున్నయి, సూపిద్దామంటే సూసేటోడుండాలె గద. కూలగొట్టినంక ఎవలికి సూపియ్యాలె, ఇటుకలకా?"

ఇద్దరం విజయేందర్ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన మా వైపు ఎమ్మెల్యే, ప్రతిపక్షం. ఒకప్పుడు హెన్రీ సార్ క్లాసులో కూర్చున్నవాడు. వచ్చినవాళ్లను పేరు పెట్టి పలకరిస్తాడు, అందుకే ఆయన ఆఫీసు ఎప్పుడూ నిండుగా ఉంటుంది.

"పెద్దమ్మా, జెర కూసో. చాయ్ తాగు."

"చాయ్ ఇంట్ల తాగిన. నీ మాట కోసమొచ్చిన."

ఆయన నవ్వాడు. "ఏం కావాలె చెప్పు?"

"ఇల్లు కూలగొట్టే ముందు చెప్పాలె. మేము చెప్పేది ఇనాలె. గంతే. ఇన్నంక సుత కూలగొడితే గది నా కర్మ."

"గంతేనా? సవరణ పెడ్తా. సుకన్యా, సార్‌తోని మంచిగ రాయించుకరా. సార్ రాస్తే ఎవ్వడు తప్పు పట్టలేడు."

ఆ సాయంత్రమే సార్ రాశారు. నోటీసు ఇవ్వకుండా, ఇంటివారి మాట వినకుండా ఏ కట్టడాన్నీ తొలగించరాదు. అంతే. విజయేందర్ గారు సంతకం పెట్టి సభలో ఇచ్చారు. సార్‌కు ఆ వారమంతా హుషారుగా ఉంది. తన విద్యార్థి తన వాక్యాన్ని సభలో చదువుతాడని ఆంటీకి రెండుసార్లు చెప్పారు.

బిల్లు వచ్చిన రోజు పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని నాతోపాటు ఆఫీసుకు వచ్చింది. సార్ ఆమెకు తన కుర్చీ ఇచ్చి, తాను స్టూలు మీద కూర్చున్నారు.

"మనోడు ఏడి?"

"ఆ వరుసలో, నీలం కోటు" అని చూపించాను.

"టీవీల సన్నగున్నడు."

కాసేపటికి వేరే విషయం మీద గొడవ మొదలైంది. ప్రతిపక్ష నాయకుడు మాట్లాడుతుంటే మైకు కట్ అయిందన్నారు. కాగితాలు గాల్లోకి లేచాయి. నాయకుడు చేయి ఊపుతూ బయటికి నడిచాడు, వెనకాలే అందరూ. విజయేందర్ గారు లేచి, బల్ల మీది ఫోన్ తీసుకుని, పక్కతనితో ఏదో మాట్లాడుతూ వెళ్లిపోయారు.

"యాడికి పోతున్నడు? మళ్లొస్తడా?" అని పెద్దమ్మ నా చేయి పట్టుకుంది.

నేను సార్ వైపు చూశాను. ఆయన టీవీ వైపే చూస్తున్నారు.

సభ ఒక్కసారిగా నెమ్మదించింది. మంత్రి బిల్లు గురించి నాలుగు మాటలు చెప్పాడు. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన విజయేందర్ గారి పేరు పిలిచాడు. ఖాళీ బెంచీల వైపు ఒకసారి చూశాడు. సభ్యులు లేరు కాబట్టి సవరణ ప్రతిపాదించనట్టే అన్నాడు. తర్వాత అవునన్నవాళ్ల గొంతులు వినిపించాయి. కాదనడానికి ఎవరూ లేరు.

"అయిపోయిందా?" అంది పెద్దమ్మ.

"అయిపోయిందమ్మా" అన్నారు సార్. "సవరణ ఇచ్చిన మనిషి పేరు పిలిచినప్పుడు అక్కడ ఉండి, ప్రతిపాదిస్తున్నాను అని చెప్పాలి. లేకపోతే లెక్కలోకి రాదు."

"ఒక్క మాట అంటే అయిపోతుండె" అని ఆమె లేచింది. నేను కిందికి దిగి ఆటో ఎక్కించాను.

ఏడాది చివర మార్కులు కూడేటప్పుడు నాలాల బిల్లు దగ్గర ఆగిపోయాను. నియమం ప్రకారం విజయేందర్ గారికి ఆ బిల్లుకు పూర్తి మార్కులు. మొత్తం మీద ఆయనే ఫస్ట్.

"సార్, ఇది ఇలాగే వేయాలా?"

"నియమం ప్రకారం అంతే కదా."

"ఆయన లోపల ఉంటే సవరణ ఓటుకు వచ్చేది."

"వచ్చినా ఓడిపోయేది, సుకన్యా. వాళ్ల బలం మనకి తెలుసు."

"ఓడిపోయేది సార్. కానీ వద్దన్నవాళ్లెవరో పెద్దమ్మ చూసేది. మంత్రి ఏదో ఒక జవాబు చెప్పాల్సి వచ్చేది."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వాకౌట్‌కు మార్కులు ఇవ్వడం నా తప్పే. ఒప్పుకుంటాను. వచ్చే ఏడాదికి మారుస్తాను. ఈ ఏడాదికి మార్చలేను. నియమం ముందే చెప్పాం, వాళ్లు దాన్ని బట్టి నడుచుకున్నారు. చేసినప్పుడు తప్పు కానిదాన్ని తర్వాత తప్పు అని శిక్ష వేయకూడదు. ప్రభుత్వం ఆ పని చేస్తే మనం ఊరుకుంటామా?"

ఆయన చెప్పింది న్యాయమే. ఆ న్యాయం వల్ల విజయేందర్ గారు ఫస్ట్ వస్తున్నారు, అదీ నిజమే. ఆ రెండూ పక్కపక్కనే ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు.

పాత వీడియోలు మళ్లీ చూశాను. చిక్కు బిల్లు వచ్చినప్పుడల్లా ఏదో ఒక గొడవ, తర్వాత ఖాళీ బెంచీలు. అంతకుముందూ అలాగే ఉండేదేమో. ఎమ్మెల్యేలు మా మార్కుల కోసమే బయటికి నడుస్తారనుకోవడానికి మేమేమంత గొప్పవాళ్లమూ కాదు. అయినా నిద్ర సరిగ్గా పట్టలేదు.

మార్కులు బయటికి రాకముందే మాట బయటికి వెళ్లింది. విజయేందర్ గారు మిఠాయి డబ్బాతో మెట్లెక్కి వచ్చారు.

"సార్, నమస్తే. ఈసారి నేనే ఫస్ట్ అంటున్నరు? కాలేజీల సుత ఎన్నడు రాలే!"

సార్ నవ్వలేదు. నేను ఫైళ్లు సర్దుతూ అనేశాను. "సర్, ఆ రోజు లచ్చమ్మ పెద్దమ్మ అడిగిన సవరణను పిలిచినప్పుడు మీరు లేరు."

"అరె, పార్టీ మొత్తం నడిస్తే నేనొక్కణ్ణి కూసుంటే బాగుంటదా? రేపు టికెట్ ఎవడిస్తడు? జెర ఆలోచించు." మిఠాయి డబ్బా నా ముందు పెట్టాడు. "లోపల ఉండి లొల్లి చేస్తే పార్టీ పరేషాన్. ఊకె కూసుంటే సార్ పరేషాన్. బయటికొస్తే ఇద్దరూ ఖుష్. సార్ పెట్టిన రూలే గద!"

ఆయన దాన్ని వెక్కిరింపుగా అనలేదు. గురువు చెప్పిన పాఠం అప్పజెప్పినట్టు సంతోషంగా అన్నాడు. అదే సార్‌కు ఎక్కువ తగిలిందనుకుంటాను. ఆయన వెళ్లాక సార్ డబ్బా మూత కూడా తీయలేదు.

"సార్, మార్కులు మార్చవద్దు. ఆయన పేరు చదివాక ఒక్క వాక్యం చదవండి. సవరణ పిలిచినప్పుడు ఆయన సభలో లేడని" అన్నాను.

"అది జరిగిందే కదా. చదువుతాను" అన్నారు.

ఇంట్లో పెద్దమ్మ మారిపోయింది. మోండా మార్కెట్‌కు కూరగాయలకు వెళ్లడం మానేసింది, మా గల్లీలోకి వచ్చే బండి దగ్గర ఏది దొరికితే అది కొంటోంది. భవాని కొడుకును తొట్టెలలో వేసే పండక్కి యాప్రాల్ రమ్మని ఎంత బతిమాలినా వెళ్లలేదు.

"చెప్పి రారు గద ఇగ. నేను పోయిన్నాడే వస్తే? ఇంట్ల మనిషుండాలె" అంది.

మనిషి ఉంటే ఏమవుతుందని నేను అడగలేదు. గల్లీ మొదట్లో పెద్ద బండి ఏదైనా ఆగితే ఆమె చేతిలో ఉన్నది అలాగే పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది. అది నీళ్ల ట్యాంకరో ఇసుక లారీయో అని తేలాక లోపలికి వెళ్తుంది. ఇంటి మీద గుర్తు ఎవరూ వేయలేదు. మా ఇల్లు వాళ్ల లెక్కలో ఉందో లేదో కూడా తెలియదు. తెలియజేయక్కర్లేదని చట్టమే అంటోంది.

పత్రికలవాళ్లను పిలిచిన రోజే పెద్దమ్మకు కంటి ఆపరేషన్ తారీఖు పడింది. అప్పటికే ఒకసారి వెళ్లక తప్పిపోయింది. ఈసారి భవాని వచ్చి కూర్చుంది, తీసుకెళ్లందే కదలనని. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను ఉంటానని చెప్పాను.

సార్‌కు ఫోన్ చేశాను.

"ఏడాదంతా నువ్వు చూసిందే ఈ రోజు చదివేది. నువ్వు లేకపోతే ఎలా?" అన్నారు.

"ఇంట్లో ఎవరూ లేరు సార్."

పెద్దమ్మ ఆపరేషన్‌కు వెళ్తోందని చెప్పాను. "సరేనమ్మా" అన్నారు చివరికి.

గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం దాటాక హెన్రీ సార్ ఆటో దిగి, గల్లీలో ఇళ్లను చూసుకుంటూ వచ్చారు. ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. నేను కుర్చీ తెచ్చేలోపే గుమ్మం పక్క అరుగు మీద కూర్చున్నారు.

"చదివారా సార్?"

"చదివాను. నువ్వు చెప్పిన వాక్యం కూడా చదివాను. ఒకమ్మాయి రాసుకుంది. మిగిలినవాళ్లు అప్పటికి ఫొటోల కోసం లేచారు. విజయేందర్‌కు ఎవరో శాలువా కప్పారు. మన వాళ్లు కాదు, అతని వాళ్లే తెచ్చుకున్నారు."

"ఆయన ఏమైనా అన్నారా?"

"థాంక్స్ సార్ అన్నాడు."

పెద్దమ్మ, భవాని వచ్చేసరికి ఎండ తగ్గింది. పెద్దమ్మకు నల్లద్దాలు పెట్టారు. ముందు గోడను చేత్తో తడిమి, తర్వాత సార్‌ను గుర్తుపట్టింది.

"సార్, మీరొచ్చిన్రా! ఎంతసేపైంది? మనోడు పాసేనా?"

సార్ లేచి నిలబడ్డారు. "ఫస్ట్ వచ్చాడమ్మా."

"ఫస్టా?"

"నా లెక్కలోనే తప్పుందమ్మా. వచ్చే సమావేశాల నుంచి బయటికి వెళ్లిపోయినవాళ్లకు సున్నా వేస్తాం. ఇలా ఇంకోసారి కాదు."

పెద్దమ్మ కొంగుతో కంటి కింద కారుతున్న మందు తుడుచుకుంది. "వచ్చేపారి మంచిగెయ్యిన్రి సార్. గాని ఈ చట్టమైతే ఉంటది గద?"

"ఉంటుంది."

"గదే అడిగిన."

భవాని ఆమెను లోపలికి తీసుకెళ్లబోయింది. పెద్దమ్మ గుమ్మంలో ఆగి, "డాక్టర్ మళ్ల శుక్రారం రమ్మన్నడు. నీకు ఆఫీసుంటదా బిడ్డా?" అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపే సార్ అన్నారు. "శుక్రవారం నేను వచ్చి కూర్చుంటాను."

"మీరా సార్?" పెద్దమ్మ నల్లద్దాల వెనక నుంచి ఆయన్ను చూసింది. "వాళ్లొస్తే మీరేం చేస్తరు?"

సార్ నా వైపు చూశారు, తర్వాత గల్లీ వైపు.

"మీ మాట వినమని అడుగుతానమ్మా" అన్నారు.

పెద్దమ్మ తలూపింది. "అడుగున్రి" అని లోపలికి వెళ్లింది.