రమ పేరు మీద

మగ్గాలకు నూలు కండెలు చుట్టే చోట పేరెవరిదని ఎవరూ అడగరు. సిరిసిల్లలోని ఆ మగ్గాల షెడ్డులో రమ రాని రోజు ఆమె తోడికోడలు నీల వచ్చి కూర్చునేది. కూలి రమ పేరు మీదే పడేది. కండె నిండితే షెడ్డు సేటుకు చాలు. అందుకే బీమా కార్డు దగ్గర కూడా ఇద్దరికీ అది తప్పనిపించలేదు.

నీల ఎడమ రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. సేటు చేయించిన బీమాలో నలభై దాటిన పనివాళ్లకు ఏటా రొమ్ము పరీక్ష ఉచితం. రమకు వయసూ ఉంది, కార్డూ ఉంది. నీలకు రెండూ లేవు.

"నాకేం రోగమున్నదే? నా కార్డు మీద నువ్వే పోయిరా," అంది రమ.

సిరిసిల్లలో అయితే గుర్తుపడతారని నీల జగిత్యాల ఆస్పత్రికి పోయింది. రమనని చెప్పి పరీక్ష చేయించుకుంది.

ఆస్పత్రి నుంచి ఫోను రమకే వచ్చింది. అనుమానంగా ఉందట, ముక్క తీసి చూడాలట, ఆలస్యం చేయొద్దట. ఆ గడ్డ తనది కాదని తెలిసి కూడా రమ చేయి తన రొమ్ము మీదికే పోయింది. భయానికి కార్డుతో పనేముంది?

"వాళ్లు నీల అనలేదు గదక్కా, రమ అన్నరు," అంది నీల. ముక్క తీయించడానికి ఇద్దరూ జగిత్యాల పోయే బస్సులో కూడా అదే మాట. పిచ్చిదానిలా ఆ పేరునే పట్టుకుని వేలాడింది.

ఆస్పత్రిలో నర్సు కంప్యూటర్ చూస్తూ అడిగింది. "రమ గారూ, గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు మీ రక్తం బి పాజిటివ్ అని రాసిండ్రు. గదే కదా?"

నీల తలూపింది.

ఆ ఆపరేషన్ అయింది రమకు, ఆ రక్తం రమది. అప్పట్లో నీల కాన్పుకు రక్తం ఇస్తానని తనే ఉరికింది. కలవదని వెనక్కి పంపారు. ఇవాళ ఈ పిల్ల ఒంట్లోకి తన గుంపు రక్తం ఎక్కిస్తే? తన చేతులతో తనే చంపినట్టు కాదూ?

"అమ్మా, రమను నేను," అంది ముందుకొచ్చి. "గడ్డ ఉన్నది గీమెకు. గీమె పేరు నీల."

నర్సు చేతులు ఆగిపోయాయి. "అయితే గీ కార్డు నడవది," అంది మెల్లగా. "సార్‌ను అడిగొస్త, కూసోండి."

రమ తోడికోడలి చేయి పట్టుకుంది. కాసేపటికి లోపలి నుంచి పిలిచారు.

"నీల."

నీల లేవలేదు. ఇంతసేపూ ఆ రోగం రమది.