అద్దాలు మూస్తే వచ్చే మనిషి

వాన పడితే మా అన్నయ్య తన బండిలోకి వచ్చి కూర్చుంటున్నాడని క్వారీ అంతా చెప్పుకుంటోంది. పోయినవాడికి ఎండలో రావడానికేం రోగమో మాత్రం ఎవరూ చెప్పరు. అన్నయ్య నడిపిన ఆ ఎక్స్‌కవేటర్ ఎక్కిన కొత్త ఆపరేటర్లు ఒకరి తర్వాత ఒకరు దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. పక్కన ఎవరో కూర్చున్నట్టుందని ఒకడు, గుండెల మీద చెయ్యి వేసి నొక్కుతున్నట్టుందని ఇంకొకడు. దానికి తోడు పొగ సెన్సర్ లైటు వెలుగుతోంది, ఇంజిన్ నీరసపడిపోతోంది. సెన్సర్ మార్చినా అదే, మళ్లీ మార్చినా అదే. చివరికి యజమాని నాకు కబురు పెట్టాడు. డీజిల్ బండ్ల పొగ సెన్సర్లు ఎందుకు మొరాయిస్తున్నాయో కనిపెట్టడమే నా పని.

నాకు నోరెక్కువ. అన్నయ్య తాగి చచ్చాడన్న వాళ్లందరినీ అప్పట్లో అక్కడే నిలబెట్టి కడిగేశాను. నన్ను పిలవడానికి యజమాని ఎంత వెనకా ముందూ ఆడి ఉంటాడో ఊహించగలను.

అన్నయ్య పోయింది కూడా వానలోనే. బండి ఆపి దిగాడట, తూలుతూ నడిచాడట, గొయ్యి అంచు దాటి కింద రాళ్ల మీద పడ్డాడట. ఒకప్పుడు తాగేవాడు, కాదనను. వదిన తల మీద చెయ్యి పెట్టి మానేశానని ఒట్టేశాడు. ఆ ఒట్టు తప్పాడని వదిన నమ్మింది. అందుకే ఇంట్లో గోడకి ఆయన ఫొటో లేదు. ఆ ఊసెత్తితే నాతో కూడా మాట్లాడదు. అన్నయ్య మాట తప్పలేదని చెప్పగల సాక్షి ఇంకెవరైనా ఉంటే అది ఆ బండే. నేను వెళ్లింది అందుకు.

షెడ్డు ముందు బండికి ల్యాప్‌టాప్ తగిలించాను. సెన్సర్ చెబుతున్న లెక్క నమ్మేలా లేదని వచ్చింది. మా పనిలో ఉన్న జబ్బే అది. కంప్యూటర్ ఏ భాగం పేరు చెబితే ఆ భాగాన్ని పీకి పారేస్తారు. సెన్సర్ నిజమే చెబుతోందేమోనన్న ఆలోచన ఒక్కడికీ రాదు. వైర్లన్నీ తడిమాను, సెన్సర్ విప్పి పరీక్షించాను, నిక్షేపంగా ఉంది. తిరిగి బిగిస్తే మాత్రం, ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఉండాల్సిన దానికన్నా తక్కువ చూపిస్తోంది.

ఇంతలో వాన అందుకుంది. ఇంజిన్ ఆపకుండానే క్యాబిన్‌లోకి ఎక్కి తలుపు మూసుకున్నాను. అద్దాలు మసకబారాయి. అలాంటప్పుడు ఏ ఆపరేటరైనా చేసేదే నేనూ చేశాను, బయటి గాలి లోపలికి వచ్చే మీట తిప్పాను. అద్దం తేటపడింది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అంకెలు చూస్తూ కూర్చున్నాను.

తల బరువెక్కింది. అది అన్నయ్య సీటు, చిరిగిన చోట ఆయన కట్టుకున్న గుడ్డ ఇంకా అలాగే ఉంది, ఏడుపు ఆపుకోవడం వల్లే అనుకున్నాను. తర్వాత అంకెలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. పక్కన అన్నయ్య ఉన్నాడు. పళ్ల సందుల్లోంచి సన్నగా ఈల వేస్తున్నాడు. నాకు భయం వేయలేదు. ఇన్నాళ్లకి వచ్చాడు కదా, ఇలాగే ఉండిపోదాం అనిపించింది.

"పొట్టీ, తలుపు తియ్," అన్నాడు.

నన్ను ఆ పేరుతో పిలిచేది అన్నయ్య ఒక్కడే. చెయ్యి ఎత్తబోతే లేవలేదు. మళ్లీ అన్నాడు, ఈసారి కసురుకుంటూ. ఒళ్లంతా తలుపు మీద వేశాను. అది తెరుచుకుంది, నేను బురదలో పడి కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాను.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. లేచి నడవబోతే తూలాను.

"అచ్చం మీ అన్నయ్య లాగే," అన్నాడు.

కాళ్లు నిలిచి ఉంటే అతని చెంప పగిలేది. నిలవలేదు గనక ఆ మాట నాలోకి దిగింది. అచ్చం అన్నయ్య లాగే. కానీ నేను తాగలేదు.

ఇంజిన్ ఆపించి బానెట్ ఎత్తాను. పొగ గొట్టం అతుకు దగ్గర బిగించిన ఇనుప పట్టీ బీటలు వారి ఉంది. ఎదురుగా రేకు మీద మసి, పెచ్చులు కట్టిన పాత మసి. దాని పక్కనే క్యాబిన్‌లోకి గాలి పీల్చే జల్లెడ. ఆ బీటలోంచి పొగ బయటికి కారుతోంది, బయటి గాలి గొట్టంలోకి దూరుతోంది, అందుకే సెన్సర్ తక్కువ చూపిస్తోంది. ఎండలో అద్దాలు తెరిచి ఉంటాయి. వానలో మూస్తారు, మీట తిప్పుతారు, ఇక విషం నేరుగా ముక్కులోకే. అన్నయ్య ఉన్నప్పుడే ఈ లైటు వెలిగేదని సూపర్‌వైజరు చెప్పాడు. అప్పుడూ సెన్సరే మార్చారు.

ఫోన్ చేస్తే వదిన వచ్చింది. అన్నీ చూపించి, విడమరిచి చెప్పాను. వేలితో ఆ మసిని గీకి చూసింది.

"వానాకాలం మొదలైతే చాలు, తలనొప్పి అనేవాడు," అంది. "ఆ రోజు పొద్దున కూడా అన్నాడు. రాత్రి తాగింది ఇంకా దిగలేదా అన్నాను."

నోరెక్కువని పేరే గానీ, నేను రేకు మీది మసి తుడుస్తూ ఉండిపోయాను.

నాతో అన్నయ్య మాట్లాడాడా అని అడిగింది. అదంతా పొగ అన్నాను. మాట్లాడాడా లేదా చెప్పమంది. తలుపు తియ్యమన్నాడని చెప్పాను. అయితే పట్టీ మార్చేముందు తను కూడా ఒకసారి కూర్చుంటానంది. ప్రాణం పోతుందని పోట్లాడాను, బతిమాలాను, చెవిన వేసుకోలేదు. చివరికి సరేనని ఇంజిన్ వేశాను. ఆమె చూడకుండా గాలి మీట మూసేసి, వెనక అద్దం కాస్త తెరిచి దిగాను.

వదిన తలుపు వేసుకుంది. కాసేపటికి అద్దాలు మసకబారాయి. ఆమె చేత్తో తుడుచుకున్న చోట మాత్రం పెదవులు కదలడం కనిపించింది. నేను తలుపు పిడి పట్టుకుని వానలో నిలబడ్డాను.

తనే తలుపు తీసి దిగింది.

"రాలేదు," అంది. "నా మీద ఇంకా కోపం పోలేదు."

క్యాబిన్‌లో మూసి ఉన్న గాలి మీట చూపించాను. "కోపం కాదు వదినా. పొగ రాకుండా నేనే మూసేశాను."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. నన్నే చూస్తూ నెమ్మదిగా అడిగింది, "పొగ మనిషిని పడుకోబెడుతుందన్నావు. మరి నిన్ను తలుపు తియ్యమన్నదెవరు?"

నేను వెళ్లి ఇంజిన్ ఆపాను. గొట్టం చల్లారేదాకా ఇద్దరం షెడ్డులో పక్కపక్కన కూర్చున్నాం. కొత్త పట్టీ తొడిగాక, ఏ బోల్టు బిగించాలో చూపించమంది. స్పానర్ ఆమె చేతికిచ్చాను. బిగించింది. బిగిసిపోయాక కూడా స్పానర్ వదల్లేదు. ఇక చాలు అని నేను చెప్పాలి. పక్క బోల్టు చూపించాను.