మడత సైకిలుకు వేసిన అతుకు

ఆ ఇంట్లో కాలేజీ చదువు పూర్తిచేసింది ఆమె ఒక్కతే. అందుకని మేనత్త ఆమెకు డిగ్రీ అని పేరు పెట్టింది. ముద్దొచ్చినా డిగ్రీయే, ఒళ్ళు మండినా డిగ్రీయే. "ఏమే డిగ్రీ, బకెట్టు నిండి పొర్లిపోతోంది. కుళాయి కట్టెయ్యడం కూడా పుస్తకంలో రాసుండాలా?" అంటుంది.

డిగ్రీకి రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం దొరికింది. ఇంకా పర్మనెంటు చెయ్యలేదు. పరగడుపున వచ్చేవాళ్ళకు రక్తం తియ్యాలి కనుక తెల్లారగానే అక్కడ ఉండాలి. రైలు దిగాక ల్యాబు చాలా దూరం, ఆ వేళప్పుడు బస్సులు తిరగవు. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. "మూడోసారి నేనేమీ అనను. వేరే మనిషిని చూసుకుంటానంతే" అని సూపర్‌వైజరు మేడమ్ తేల్చి చెప్పేసింది.

ఇక మిగిలింది మడత సైకిలే. మడిస్తే అది సామాను, రైల్లోకి రానిస్తారు. మడవకపోతే వాహనం, గేటు దగ్గరే ఆపేస్తారు.

కొనడం అంత తేలిక కాలేదు. ఫోన్లో రివ్యూలు చూస్తే, ఒకడు ఆహా అన్న సైకిలునే ఇంకొకడు ఛీ అన్నాడు. చదివి చదివి కళ్ళు లాగాయే తప్ప ఏదీ తేలలేదు. షాపులకు వెళితే ఇంకా విసుగు. మొదటిచోట సైకిలు దూదిలా తేలిగ్గా ఉంది కానీ కూర్చోగానే సీటు మెల్లగా కిందికి జారింది. రెండోచోటిది రాయిలా గట్టిది, మెట్లెక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మూడోచోట షాపతను "బలంతో కాదమ్మా, ఒడుపుతో మడవాలి" అని చేసి చూపించబోయి వేలు ఇరికించుకుని, "చూశారా, ఎంత గట్టిగా పట్టుకుంటుందో!" అన్నాడు, నొప్పి దిగమింగుకుంటూ.

డిగ్రీ మొండిది. ప్రతి సైకిలునీ తానే మడిచింది, ఎత్తింది, విప్పింది. చివరికి ఒక నీలం సైకిలు ఆమె మాట విన్నది. నడుము దగ్గర కీలు, కీలుకు గొళ్ళెం, గొళ్ళెం ఊడకుండా ఇంకో కొక్కెం. ఇదే అనుకుంది.

నాన్న వెల్డరు. గేట్లు, కిటికీ ఊచలు చేస్తాడు. అతుకు వేశాక కదిలితే అది ఆయనకు తలవంపులే. కొత్త సైకిలును రెండు చేతులా పట్టి ఊపి చూశాడు.

"ఇది ఊగుతోందమ్మా."

"కొత్తది కదా నాన్నా, నట్టు బిగిస్తే సరిపోతుంది. సోమవారం డ్యూటీ అయ్యాక షాపులో చూపిస్తాను."

"నడుము దగ్గర తెగిన సైకిలు ఎవరైనా కొంటారా?"

"దీన్ని అలాగే చేస్తారు. నీకు తెలీదులే, ఊరుకో."

"తెగిందని షాపువాడు వదిలించుకునుంటాడు, మన డిగ్రీకి అంటగట్టాడు" అని మేనత్త ఓ మాట విసిరింది.

ఆదివారం డిగ్రీ స్నేహితురాలి ఇంటికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చింది. వాకిట్లో సైకిలు తళతళలాడుతోంది. పక్కనే నాన్న నిలబడి ఉన్నాడు, పరీక్ష పాసై వచ్చిన పిల్లాడిలా.

"ఇప్పుడు ఊపి చూడు."

గొళ్ళెం కోసం చెయ్యి పెట్టింది. గొళ్ళెం లేదు. కీలు ఉండాల్సిన చోట, చుట్టూ ఒకే మందాన నున్నటి అతుకు ఉంది, దాని మీద నీలం రంగు కూడా.

"నాన్నా... కీలేది?"

"లోపలే ఉంది. ఇక దాని జోలికి ఎవరూ పోలేరు. ఏనుగెక్కినా కదలదు."

"నాన్నా, ఇది మడత సైకిలు!"

"అందుకేగా, ఇక మడతపడకుండా చేశాను!"

డిగ్రీ మెట్టు మీద కూలబడింది. రైలు, గేటు, సామాను, వాహనం, అన్నీ మొదటినుంచి చెప్పింది. సగం వినేసరికే ఆయన ముఖం వాడిపోయింది. "గ్రైండరు పెట్టి కోసేస్తాను, ఎంతసేపు?" అన్నాడు.

"కోస్తే రెండు ముక్కలవుతుంది. దాన్నేం చేసుకోను?"

షాపు ఆదివారం మూసేస్తారు. మేనత్త కూడా ఆ రాత్రి డిగ్రీ అని పిలవలేదు.

బతిమాలి చూద్దామని డిగ్రీ తెల్లవారుజామున, రైలుకు గంట ముందే, సైకిలుతో స్టేషనుకు చేరింది. గేటు దగ్గర కాపలాదారు "మడవండి" అన్నాడు.

"మడతపడదండీ."

"మడత సైకిలే కదా?"

"నిన్నటిదాకా."

అతను నవ్వాడు కానీ వదల్లేదు. సైకిలు అక్కడే పడేసి రైలెక్కితే, దిగాక నడవాలి. నడిస్తే ఆలస్యం ఖాయం. డిగ్రీ సైకిలు వెనక్కి తిప్పింది. రైలు వెళ్ళే దూరమంతా రోడ్డు మీదే తొక్కింది. బుల్లి చక్రాలు, ఎంత తొక్కినా దారి తరగదు. లారీలు ఒంటికి రాసుకున్నట్టే పోతున్నాయి. నడుము దగ్గర అతుకు మాత్రం చలించలేదు. కనీసం కిర్రుమన్నా కసిదీరా తిట్టుకునేది. ఆ భాగ్యమూ లేదు.

ల్యాబు చేరేసరికి మేడమ్ అప్పుడే షట్టరు ఎత్తుతోంది. డిగ్రీని చూసింది, లోపల గోడ గడియారాన్ని చూసింది, "టైముకే వచ్చావే" అంది.

మొదట వచ్చిన ముసలాయన చెయ్యి చాపాడు. డిగ్రీ సూది తీసుకుంది. హ్యాండిలును బిగబట్టి బిగబట్టి వేళ్ళు వణుకుతున్నాయి.

"ఏమ్మా, నాకంటే నీకే భయంగా ఉన్నట్టుందే?"

"ఒక్క నిమిషం తాతగారూ."

వేడినీళ్ళలో చేతులు ముంచి, పిడికిళ్ళు మూసి తెరిచి వచ్చింది. మేడమ్ పక్కకొచ్చి నిలబడి, "నన్ను తియ్యమంటావా?" అంది.

"వద్దు మేడమ్."

ఒక్కసారికే నరం దొరికింది. మేడమ్ తన గదిలోకి వెళ్ళిపోయింది.

జనం తగ్గాక డిగ్రీ ఇంటికి ఫోను చేసింది.

"టైముకు చేరావా?" నాన్న గొంతు చిన్నగా ఉంది.

"చేరాను. కానీ నాన్నా, సైకిలు పాడు చేశావు. రోజూ ఇలా తొక్కలేను. ఇంకోటి కొనుక్కోవాలి."

ఆ ఇంట్లో ఆయనతో అంత మాట ఎవరూ అని ఎరగరు.

"నన్నూ షాపుకు తీసుకెళ్ళు" అన్నాడు నాన్న.

"ఎందుకు?"

"వాడు ఆ కీలు ఎలా పెట్టాడో చూస్తాను. ఊగకుండా పెట్టొచ్చు."

డిగ్రీకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "అక్కడ ఏదీ ముట్టుకోనంటేనే తీసుకెళ్తా."

అవతల సుత్తి టంగుమన్న చప్పుడు వినిపించింది.

"నాన్నా?"

"వింటున్నానమ్మా" అన్నాడు. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.