మొదటి మజిలీ

రోలర్ల మధ్య నుంచి దుప్పటి ఆవిరి కక్కుతూ బయటికి వస్తున్నప్పుడు మడతక్క నడుం దగ్గర దోపుకున్న ఫోను మోగింది. ఆమె రెండు చేతుల్లోనూ దుప్పటి మూలలున్నాయి. అవతలి మూలలు, అందరూ హడావిడి అని పిలిచే కుర్రాడి చేతుల్లో ఉన్నాయి.

"ఆగు, ఆగు," అనేలోపే అతను తనవైపు లాగేశాడు. ఆమె వేళ్ళ నుంచి ఒక మూల జారిపోయింది. తెల్లటి దుప్పటి సగం బల్ల మీద, సగం తడి నేల మీద పడింది. ఫోను మోగి మోగి ఊరుకుంది.

"మళ్ళీ ఉతుక్కి వెయ్యాలి," అంది మడతక్క.

"ఇంతోటి దానికా అక్కా? దులిపేస్తే పోలా?"

"దాని మీద పడుకునేది రోగి. నువ్వు కాదు."

హడావిడి చెడ్డవాడేం కాదు. పనులన్నీ తొందరగా అయిపోతే లోకం బాగుపడుతుందని నమ్మిన మనిషి, అంతే. అతనితో ఒక్క దుప్పటి మడత పెట్టేసరికి ఆమెకు పది దుప్పట్లు మడిచినంత విసుగొచ్చేది.

ఆ లాండ్రీ ఆసుపత్రి నేలమాళిగలో ఉంది. కిటికీలు లేవు. గోడలకు ఎప్పుడూ చెమట పట్టినట్టుండేది. మడతక్క అక్కడ చేరి చాలా ఏళ్ళయింది. ముంజేతుల మీద రోలరు అంచు తగిలిన పాత మచ్చలు వరసగా ఉన్నాయి. వేళ్ళ చివర్లు ఎంత నున్నగా అరిగిపోయాయంటే, ఫోను ఆమె వేలిముద్రను గుర్తుపట్టదు. ఆమె అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి తప్ప అక్కడ ఎవరికీ గుర్తులేదు.

ఆ బల్లకు అవతలి వైపు చాలాకాలం ఆమె వదిన నిలబడింది. అన్నయ్య పెళ్ళినాటికి మడతక్కకు పాలపళ్ళు ఊడుతున్నాయి. వదినే జడలు వేసింది, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుంది. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయి మడతక్క మూలన కూర్చుంటే, చెయ్యి పట్టుకుని ఈ నేలమాళిగకు తీసుకొచ్చి, "ఏడుపు ఇంట్లో ఏడవచ్చు, ముందు ఈ మూల పట్టుకో," అని దుప్పటి చేతికిచ్చింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల అవసరం ఉండేది కాదు. ఒకరు చెయ్యి ఎత్తితే రెండోవారు అడుగు వేసేవారు. వదినకు ఆయాసం మొదలై పని మానేసినప్పటి నుంచి బల్లకు అవతల మనుషులు మారుతూనే ఉన్నారు. ఒక్కరితోనూ మూలలు కలవలేదు.

టీ వేళకు మడతక్క మెట్లెక్కి, సిగ్నలు దొరికే చోట, చెత్తడబ్బాల పక్కన నిలబడి ఫోను చేసింది. ఇందాక చేసింది, యాత్రలో మొదటి రాత్రి పడుకోవడానికి గది ఇస్తానన్న బడి హెడ్‌మాస్టరు.

"ఏం అనుకోకమ్మా. పరీక్షలు ముందుకు జరిపారు. గదుల్లో బల్లలు వేసేశాం. మీకు ఇవ్వడం కుదరదు."

"ఎల్లుండే కదండీ బయల్దేరేది! మీరు సరేనన్నారనే కదా ఇంకెవర్నీ అడగలేదు."

"అందుకే ముందుగా చెబుతున్నాను."

ఎల్లుండి ప్రయాణమైతే ఇవాళ చెప్పడం ముందుగా చెప్పడమట. ఆమె ఫోను వంక చూసి, దాన్ని చెత్తడబ్బాలో పడేస్తే ఎలా ఉంటుందా అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది.

నడక సముద్రపు ఒడ్డున ఉన్న క్షేత్రానికి. మొక్కు వదినది. ఎప్పుడో అన్నయ్య నడిపే బస్సు వంతెన మీద నుంచి పడి, ఆయన ఇదే ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా పడి ఉన్నప్పుడు, ఆయన లేస్తే నడిచి వస్తానని మొక్కుకుంది. ఆయన లేచాడు. మళ్ళీ బస్సెక్కాడు. మొక్కు మాత్రం ఉండిపోయింది. ఒక ఏడు అమ్మ మంచాన పడింది. ఒక ఏడు వానలు. ఒక ఏడు ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకలేదు. ఇప్పుడు ఆయాసం తగ్గింది, నిదానంగా నడవగలనని వదినే అంది. ఈసారి సూపర్‌వైజరు సెలవు కాగితం మీద సంతకం పెడుతూ, "ఇది వాడుకోకపోతే మళ్ళీ నా దగ్గరికి రాకు," అని చెప్పేశాడు.

పాత యాత్రామార్గం అందుకుంటే ఇక దిగుల్లేదు. అక్కడ పూటకో సత్రం ఉంటుంది. చిక్కంతా ఆ మార్గం అందేదాకా, మొదటి కొద్ది రోజులే. నగరం దాటితే గోడౌన్లు, ఫ్యాక్టరీ గోడలు, లారీల రోడ్డు. అటు ఎవరూ నడవరు. నడిచేవాళ్ళే లేనిచోట పడక ఎవరు పరుస్తారు?

పోనీ దొరికినవైనా వదిన ఒప్పుకుంటేనా! పక్క ఊరి బస్టాండు దగ్గర లాడ్జి చూస్తే, "మొదటిరోజే అంత దూరమా? పిక్కలు పట్టేస్తే?" అంది. అంతకంటే ఇవతల పెట్రోలు బంకు వెనక గది చూస్తే, "రాత్రంతా లారీల మోత, నిద్రుండదు," అంది. బడి మరీ దగ్గర, అయినా మూతి ముడుచుకునే తలూపింది. మడతక్క నెలల తరబడి ఫోన్లు చేస్తూనే ఉంది, వదిన వంకలు పెడుతూనే ఉంది. మధ్యలో అన్నయ్యొకడు. ఆయనకు దూరమంటే స్టీరింగు ముందు కూర్చుని చూసే దూరమే. "ఆ లాడ్జి ఎంతని? ఒక కునుకు తీసేలోపు వచ్చేస్తుంది. నా బస్సెక్కండి, దింపేస్తా. దేవుడేమన్నా టిక్కెట్టు చూస్తాడా?" అనేవాడు.

పని మళ్ళీ మొదలైంది. మధ్యాహ్నం దాకా దుప్పట్లు, ఆ తర్వాత దిండు గలీబులు. ఆమె ముఖం చూసి, మురికిబట్టల వ్యాను డ్రైవరు కారణం అడిగాడు. విని, "ఆ బడికి ఇంకా ఇవతల, నగరం చివర మా పిన్నివాళ్ళది లారీల కాటా ఉంది. పక్కన ఒక గది ఖాళీ. అడిగి చూడు," అన్నాడు.

డ్యూటీ దిగగానే ఆమె బస్సెక్కింది. ఊరికే ఫోనులో మాట తీసుకుంటే హెడ్‌మాస్టరు మాటలా ఉంటుందని భయం. కాటా దగ్గర లారీలు బారు తీరి ఉన్నాయి. ఒక్కో లారీ ఇనుప పలక మీదికి ఎక్కి, తూకమయ్యాక దిగుతుంటే నేల అదిరింది. కాటా యజమానురాలు లావుపాటి మనిషి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉంది. విషయం విని నోరు తెరిచింది.

"నడిచా? ఇక్కణ్ణుంచి సముద్రం దాకా?"

"అవునమ్మా. ఇద్దరం ఆడవాళ్ళం. ఒక్క రాత్రికి."

గది చిన్నదే. మడతక్క గడియ వేసి చూసింది, తీసి చూసింది. బాత్రూములో కుళాయి తిప్పింది. మంచం మీది దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఏమిటమ్మా, పెళ్ళిచూపులకొచ్చినట్టు చూస్తున్నావు?" అని నవ్వింది యజమానురాలు.

"మా వదిన సంగతి మీకు తెలీదు. దేవుడి గుడి చూపించినా గుమ్మం ఎత్తంటుంది."

"రండి, రండి. ఈ రోడ్డున నడిచేవాళ్ళు ఎలా ఉంటారో నేనూ చూడాలి."

తిరుగు బస్సులో మడతక్కకు చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలికైంది. కిటికీలోంచి ఎక్కడ నీడ ఉందో, ఎక్కడ కాసేపు కూర్చోవచ్చో చూసుకుంటూ వచ్చింది. ఆమె జీవితంలో ఇల్లు కాని చోట నిద్రపోయింది లేదు. ఆ గది గడియ చప్పుడు కూడా కొత్తగా, బాగుందనిపించింది.

బస్సు దిగి తన గదికి పోకుండా నేరుగా అన్నయ్యవాళ్ళింటికి వెళ్ళింది. వదిన ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. మనిషి బాగా సన్నబడింది. మెడ దగ్గర ఎముకల మధ్య గుంటలు పడ్డాయి. అన్నయ్య ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. మడతక్క చెప్పులు విప్పకుండానే గది గురించి, గడియ గురించి, పెన్సిలు పెట్టుకున్న ఆవిడ గురించి అంతా చెప్పింది. వదిన మొత్తం విని, కిటికీ వైపు చూసింది.

"బానే ఉంది. కాకపోతే... ఇంకాస్త ఇవతలగా ఏమీ దొరకదంటావా?"

మడతక్క ఇక ఆగలేకపోయింది.

"ఇవతలగా అంటే ఎక్కడ వదినా? మీ వంటింట్లోనా? లాడ్జి దూరం, బంకు దూరం, కాటా దూరం! రావడం నీకిష్టం లేదు. ఆ ముక్క చెప్పడానికి నోరు రాక నెలల తరబడి నన్ను ఊరంతా తిప్పుతున్నావు. మొక్కింది నువ్వా, నేనా? నాకేం పట్టిందని చెత్తడబ్బాల పక్కన నిలబడి ప్రతి ఒక్కరినీ బతిమాలాలి? చిన్నప్పట్నుంచీ నువ్వు పట్టుకోమన్న మూలే పట్టుకున్నాను. ఇక నా వల్ల కాదు."

అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. వదిన కోపగించుకోలేదు. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది. గోడ మీద వేలాడుతున్న తువ్వాలు భుజాన వేసుకుంది.

"నాతో రా పిల్లా."

"ఎక్కడికి?"

"రమ్మంటున్నానుగా."

వీధిలోకి దిగారు. పక్కింటి గేటు దాకా వదిన మామూలుగానే నడిచింది. కరెంటు స్తంభం దగ్గర ఆగి, దాని మీద చెయ్యి వేసింది. ఏదో చూస్తున్నట్టు తల తిప్పింది కానీ అక్కడ చూడ్డానికేమీ లేదు. తర్వాత నాలుగడుగులు. మళ్ళీ ఆగింది. టైలరు కొట్టు అరుగు దగ్గరికి వచ్చేసరికి పెదవులు రంగు మారాయి. అరుగు మీద కూలబడింది. ఊపిరి లోపలికి వెళ్ళే ప్రతిసారీ మెడ గుంటలు లోతవుతున్నాయి. టైలరు లోపల్నుంచి చూసి, అలవాటైన పనిలా ఫ్యాను ఇటు తిప్పాడు.

"చూశావుగా," అంది వదిన, కాసేపటికి. "రోజూ నువ్వు పనికెళ్ళాక నడిచి చూసుకుంటున్నాను. మొదట్లో మార్కెట్టు దాకా వెళ్ళేదాన్ని. ఇప్పుడు ఇదీ నా మజిలీ."

"డాక్టరేమన్నాడు?"

"ఏమంటాడో తెలిసే వెళ్ళలేదు."

"మరి ముందే చెప్పొచ్చుగా వదినా!"

"నువ్వు చూసే చోటు కొంచెం కొంచెం దగ్గరవుతూ వస్తోందిగా. ఎప్పుడో ఒకప్పుడు నా కాళ్ళకు అందేంత దగ్గరవుతుందని చూశాను. పిచ్చి ఆశ."

మడతక్క ఆమె పక్కన కూర్చుంది. ఇంతసేపూ పళ్ళబిగువున పట్టుకున్న విసుగు ఎటు పోయిందో తెలీలేదు. ఏడుపు రాలేదు. బుర్ర మాత్రం అలవాటు కొద్దీ చోట్లు వెతుకుతూనే ఉంది. టైలరు కొట్టు తర్వాత మందుల షాపు. అది దాటి సందు తిరిగితే తన గది.

"మా ఇంటిదాకా రాగలవా?"

"ఇవాళా?"

"ఎల్లుండి దాకా ఎందుకు? మొదటి రాత్రి మా ఇల్లు. అక్కణ్ణుంచి రేపు ఇంకో చోటు చూస్తాను. ఎంత దూరం నడిస్తే అంతే. సెలవు అయిపోతే ఇంకో సెలవు అడుగుతాను, ఇవ్వకపోతే మానేస్తాను. ఎప్పటికి చేరితే అప్పుడే చేరతాం."

వదిన ఆమె ముఖంలోకి చూసింది. "మీ అన్నయ్య నవ్వుతాడు."

"నవ్వనీ."

మందుల షాపు దగ్గర ఆగారు. సందు మొగలో ఆగారు. మడతక్క చెయ్యి ఇవ్వబోతే, "వద్దు. నడవాలి కదా, మోయించుకోకూడదు," అని వదిలించుకుంది వదిన. అల్లంత దూరంలో గుమ్మం కనబడుతుంటే కూడా ఒకసారి ఆగింది. అప్పటికి వీధి దీపాలు వెలిగాయి.

లోపలికి రాగానే కాసేపు కూర్చుని, కాళ్ళు కడుక్కుంది. భుజం మీది తువ్వాలు తనే ఉతికి, వరండాలో తీగ మీద ఆరేసింది.

"ఇప్పుడదెందుకు వదినా? నేను ఉతకనా?"

"ఏ మజిలీ బట్టలు ఆ మజిలీలో ఉతుక్కోవాలి. నియమం."

"ఎవరు పెట్టారు?"

"నేనే. ఇప్పుడే."

ఇద్దరూ నవ్వారు. వదిన నవ్వు సగంలో దగ్గయింది. మంచం మీద పడుకుని, గోడవైపు తిరిగింది.

"రేపు ఎక్కడే?"

"మార్కెట్టు ఇవతల, గాజులు అమ్మే ఆవిడ ఉంది కదా. ఆవిణ్ణి అడుగుతాను. ముందు గది ఉంది ఆవిడకి."

"దగ్గరేనా?"

"దగ్గరే."

"అయితే సరే," అంది వదిన.

ఇన్ని నెలల్లో ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. మడతక్క ఆ సంతోషంతోనే పొయ్యి వెలిగించింది. అన్నయ్యకు ఫోను చేసి, వదిన ఇక్కడ ఉందని, యాత్ర మొదలైందని చెప్పింది. ఆయన నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. "డ్యూటీ దిగి వస్తాను," అన్నాడు.

అన్నం వడ్డించి లేపడానికి వెళ్ళింది. "వదినా" అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ముఖం, ఒక పని ముగించి పడుకున్న మనిషి ముఖంలాగే ఉంది.

అన్నయ్య వచ్చేసరికి ఇరుగుపొరుగు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన డ్రైవరు చొక్కాతోనే మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు భార్య పాదాలనే చూశాడు.

"నేనే నడిపించాను అన్నయ్యా," అంది మడతక్క.

"దాన్ని నడిపించడం ఎవరి వల్లయిందే?" అన్నాడు ఆయన. "ఇంటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా నడిచే వచ్చిందా?"

"నడిచే వచ్చింది. చెయ్యి ఇస్తే కూడా పట్టుకోలేదు."

ఆయన తల ఊపాడు. చేత్తో ముఖం తుడుచుకుని, ఆ దూరం ఎంతుంటుందో చూస్తున్నట్టు తెరిచి ఉన్న తలుపులోంచి వీధివైపు చూస్తూ ఉండిపోయాడు.

మంచినీళ్ళు తేవడానికి మడతక్క వరండాలోకి వచ్చింది. తీగ మీద తువ్వాలు రెండు అంచులూ సరిసమానంగా వేలాడుతోంది. కింది కొస నుంచి ఇంకా ఒక్కొక్క చుక్క నేల మీద పడుతోంది.