మారెక్క లంఖణం

మా అత్త భద్రమ్మ లెక్కలో జ్వరమంటే తిండిపోతు చుట్టం. పెడితే కూర్చుంటాదంట, పెట్టకపోతే లేచిపోతాదంట. అందుకే నా నాలుగేండ్ల బిడ్డ మారెక్కకు ఒళ్ళు కాలిన పొద్దే లంఖణం పెట్టించింది. గంజి లేదు, పాలు లేవు, గుక్కెడు వేన్నీళ్ళు మాత్రం. ఆ తీర్పు చెప్పేటప్పుడు ఆమె చేతిలో సంగటి ముద్ద ఉండాది.

ఆకుమందు ఇచ్చే ఓబుళేసన్న వచ్చి నాడి పట్టి ఔనన్నాడు. కుందుర్పిలో ఆయన ఔననని లంఖణం లేదు. వానలు ముఖం చాటేసినాక మా ఊర్లో సగం ఇండ్లు దినామూ లంఖణాలే చేస్తాండాయి. ఆ లెక్కన ఈడ జ్వరమనేదే ఉండకూడదు.

నాకు తెలిసింది తక్కువే. ఎనిమిదో తరగతిలో కాలేయం పాఠం సగంలో ఉండగా బడి మాన్పించి పెండ్లి చేసినారు. తిన్న సంగటి చక్కెరై నెత్తురులో కలుస్తాదని, మెదడుకూ కండలకూ అదే బలమని, మిగిలింది కాలేయం జొన్నలు పాతరేసినట్ల దాచుకొని తిండి లేనప్పుడు తీసిస్తాదని అయ్యవారు చెప్పినాడు. ఆ పాతర ఎంతకాలానికి ఖాళీ అవుతాదో మరుసటి దినం చెప్తానన్నాడు. మరుసటి దినం నేను నలుగు పెట్టించుకుంటా కూర్చోనుంటి.

బిడ్డది చిన్న పాతర కదా, తొందరగా అయిపోతాదేమో అని అత్తతో అన్నాను. కడుపులో పాతరేందని ఇల్లంతా నవ్వింది. మా ఆయన తిప్పేస్వామి మాత్రం నవ్వలేదు. నవ్వేదానికైనా ఆయన వాళ్ళమ్మను అడగాల.

రెండో దినం తెల్లారేసరికి బిడ్డ ఒళ్ళు చల్లబడింది. అత్త గెలిచింది. వీధిలో కనబడిన వాళ్ళందరికీ ఆ గెలుపు పంచి వచ్చింది. జ్వరం మళ్ళా తిరిగి చూడకుండా ఇంకో దినం కడుపు మాడ్చాలని ఓబుళేసన్న తీర్మానం.

నేను బిడ్డ నుదురు తుడిస్తే చెమట, మళ్ళా తుడిస్తే మళ్ళా చెమట. బిడ్డ చేతులు వణుకుతాండాయి. పిలిస్తే కండ్లు తెరుస్తాది, నన్ను చూస్తాది, నేనెవరో తోచనట్ల చూస్తాది. తల నిలపలేకపోతాది. జ్వరం దిగిన చలవ ఇట్లుండదు. పాతర అడుగంటింది, మెదడు అడిగితే ఇచ్చేదానికి లోపల ఏమీ లేదు అనిపించింది.

పొయ్యి కాడికి పోయి బెల్లం చిదిపి వేన్నీళ్ళలో కలిపినాను. అత్త అడ్డం నిలబడింది.

"బిడ్డకేమన్నా అయితే ఆ పాపం నీదే మే."

"నాదే కానీలే అత్తా. పక్కకు జరుగు."

కాపురానికి వచ్చినప్పటినుంచి ఆమెకు నేను చెప్పిన ఎదురుమాట అదొక్కటే. బిడ్డను ఒళ్ళో ఆనించుకొని చెంచాతో పోసినాను. మింగినాదని చూసుకొని ఇంకో చెంచా. లోటా సగమయ్యేసరికి మారెక్క చెయ్యి నా కొంగు పట్టుకునింది.

"అమ్మా, ఇంకా," అనింది.

వాకిట్లో అందరూ ఓబుళేసన్నను పొగడతాండారు. పనిచేసింది ఆయన లంఖణమేనంట, బెల్లం నీళ్ళు కడాకు వచ్చి పేరు కొట్టేసినాయంట. కొట్టేయనీ. ఆ పాతర ఎంతసేపు నిలుస్తాదో నాకిప్పటికీ తెలీదు. తెలుసుకునేదానికి నా బిడ్డను కొలపాత్ర చేయను.

రెండో లోటా కలపతాంటే అత్త వచ్చి నా చేతిలోది లాక్కొని నాలుక మీద చుక్క వేసుకునింది.

"ఇంత చప్పగా కలిపితే బిడ్డ యాడ తాగుతాది?" అని ఇంకో బెల్లం గడ్డ వేసింది.