రాకెట్టక్క పేజీ

రాకెట్టక్క తను రాసిన సమీక్షలోనే మరో వాక్యం కొట్టేసింది. ఇప్పటికే అది ఎండిన వంకాయలా ముడుచుకుపోయింది. ఇంకా తగ్గితే గానీ పేజీలో పట్టదట.

ఆ పేరు ఆఫీసు పెట్టింది. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ పైకొచ్చే మనిషికి భలే పేరే. వాళ్లది ఊహాకల్పన కథల మాసపత్రిక. గ్రహాంతరవాసులు, కాలయంత్రాలు, మాట్లాడే చెట్లు, అన్నీ అందులోనే. చివరి పేజీలోని వార్తలు, సమీక్షలు ఆమెవి. ఏ నవలకు బహుమతి వచ్చింది, ఏ కథ సినిమా అవుతోంది, ఏది చదవదగ్గది అని జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ రాస్తూనే ఉంది. ఇంట్లో ఆమెకు తోడున్న అక్క మాత్రం ఇప్పటికీ, "ఆ దయ్యాల పత్రికలోనేనా ఇంకా?" అంటుంది.

ఈ సమీక్ష నెలల తరబడి వాయిదా పడుతోంది. నవల రాసినాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. సొంత ఖర్చుతో అచ్చు వేయించుకుని తనే తెచ్చిచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆ నవలలో ఒక భవనం ఉంది, ఒక్కో అంతస్తులో ఒక్కో కాలం నడుస్తుంది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. కింద ఎప్పుడో పోయిన తండ్రి దగ్గు, పైన ఇంకా పుట్టని మనవరాలి నవ్వు. లోపలివాడు రెండూ వింటూ నిలబడతాడు. బస్సులో ఆ చోటు చదువుతూ రాకెట్టక్క దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

అలాంటి పుస్తకానికి ఒకసారి బహుమతుల వార్త అడ్డొచ్చింది, ఒకసారి ప్రకటన, మరోసారి ఎవరో పేరున్న రచయిత పుట్టినరోజు. మెకానిక్కు నెలనెలా ఫోన్ చేసి, "ఈసారి వస్తుందాండీ?" అని మెల్లిగా అడిగేవాడు. వచ్చే నెల తప్పకుండా అని చెప్పీ చెప్పీ ఆమెకు తన గొంతంటేనే రోత పుట్టింది.

మధ్యాహ్నం ఎడిటర్ వచ్చాడు. వయసులో ఆమెకంటే చాలా చిన్నవాడు.

"అక్కా, డ్రాగన్ల నవల సినిమా తీస్తున్నారట. వేడివేడి వార్త. లిఫ్టాయన్ని వచ్చే నెలకి జరుపుదామా?"

"జరిపీ జరిపీ ఆయన్ని గోడకి ఆనించేశాం. ఇక జరపడానికి చోటెక్కడుంది?"

"కోప్పడకండక్కా. ఆ పుస్తకం ఎవరు కొంటారు చెప్పండి?"

"మనం రాయకపోతే ఎవరూ కొనరు. ఈసారి అది రాకపోతే ఈ పేజీ మీరే రాసుకోండి."

అతను తల గోక్కుని వెళ్లిపోయాడు. కాసేపటికి డ్రాగన్లు రెండు లైన్లకు కుదించుకుపోయాయి.

గెలిచానన్న సంతోషం ఆమెకు కలగలేదు. దక్కాల్సింది దక్కడానికి కూడా ఇంత రగడా అని ఒళ్లు మండింది. ఆ మంటతోనే మెకానిక్కుకి ఫోన్ కలిపింది. ఈ నెల ఆయన ఫోనే రాలేదని అప్పుడు తట్టింది.

ఆయన భార్య ఎత్తింది. "ఆయన పోయి వారమైందమ్మా. పడుకున్న మనిషి పొద్దున లేవలేదు."

సంగతి విని ఎడిటర్ "అయ్యో పాపం!" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. కాస్త ఆగి, "అయితే సమీక్షెందుకక్కా? నాలుగు లైన్ల సంతాపం వేసేద్దాం. ఫోటో దొరుకుతుందేమో అడగండి," అన్నాడు.

"బతికున్నప్పుడు పుస్తకానికి లేని చోటు చచ్చాక ఫోటోకి వచ్చిందా?"

సమీక్ష కదల్లేదు. కానీ దాని చివర, ఈయన రెండో నవల కోసం ఎదురుచూస్తుంటానని ముందే రాసుకుని ఉంది. ఆ ఒక్క వాక్యం, ఎవరూ అడగకుండానే, తనే తీసేసింది.

సాయంత్రం పేజీ నకలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. "నా కళ్లకి ఆనదు, నువ్వే చదువమ్మా," అంది ఆయన భార్య. రాకెట్టక్క చదివింది. ఆయన భార్య కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంతేనా?" అంది. రాకెట్టక్క నకలు మడిచి ఆమె చేతిలో పెట్టింది.

లేవబోతుంటే ఆమె తలుపు వైపు చూపించింది. "పత్రికవాళ్లు ఫోటో అడుగుతారేమోనని ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు. తియ్యబుద్ధి కాలేదు."

తలుపు వెనక మేకుకు లేతనీలం చొక్కా వేలాడుతోంది. మెడ దాకా గుండీలు పెట్టి ఉన్నాయి. చేతుల మీద ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు.